అక్క పాఠాల గదిలో కంప్యూటర్ చప్పుళ్లు: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి ఆదివారం

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందు గది అక్క సంగీతం చెప్పే గది. పొద్దున ఆరింటికి వీధిలోని పిల్లలు వచ్చి చాప మీద కూర్చుంటారు. రాత్రి తొమ్మిది దాటాక, ఉద్యోగాల కోసం ఊరు విడిచి వెళ్లిన శిష్యులు కంప్యూటర్ తెర మీదకు వస్తారు. ఆ కంప్యూటర్‌ను నాలుగేళ్ల కిందట నేనే విడిభాగాలు తెచ్చి బిగించాను. ముందు వైపు రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, వెనక ఒకటి, ప్రాసెసర్ మీద గోపురం వంటి కూలర్, తెర మీది బొమ్మలు గీసే ఒక గ్రాఫిక్స్ కార్డు, గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు సరిపడేలా మార్చే 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, పాఠాల రికార్డింగులు దాచుకోవడానికి నిమిషానికి 7200 చుట్లు తిరిగే 2 టెరాబైట్ల హార్డ్ డిస్క్ ఉన్నాయి. మూడేళ్లు అది ఉన్నట్టే తెలియలేదు. ఈ వేసవి మొదలైనప్పటి నుంచి మాత్రం రికార్డు చేసిన ప్రతి పాఠంలోనూ అక్క గొంతు కింద ఏదో ఒక చప్పుడు వినిపిస్తున్నది. మొన్న ఒక శిష్యురాలు పాఠం మధ్యలో ఆపి, "టీచర్, మీ ఇంట్లో మోటారు వేశారా?" అని అడిగింది. ఆ రాత్రి అక్క నన్ను పిలిచి, ఇక దీని సంగతి చూడమని చెప్పింది.

క్యాబినెట్ తెరవక ముందు రెండు పనులు చేశాను. మొదటిది, వారం రోజుల పాటు వినిపించిన ప్రతి చప్పుడునూ, అది వచ్చిన వేళతో సహా అక్క చేత నోటుపుస్తకంలో రాయించాను. శబ్దాన్ని గుర్తుపట్టడంలో ఆమె చెవికి ఉన్న శిక్షణ నాకు లేదు. ఆమె పెట్టిన పేర్లనే ఈ డైరీలో ఉంచుతున్నాను: ఊగే హోరు, మధ్యాహ్నపు టక్, పొద్దుటి గరగర, సన్నని ఈల, కరెంటు పోయినప్పటి గుర్రు. ఒక యంత్రంలో ఐదు చప్పుళ్లు ఉన్నప్పుడు వాటికి ఐదు కారణాలు ఉండవచ్చునని, అన్నింటినీ కలిపి "ఫ్యాన్ పోయింది" అనుకోవడం తప్పని ఆ పట్టిక చూశాకే నాకు గట్టిగా అనిపించింది.

రెండోది హార్డ్ డిస్క్‌లోని రికార్డింగులకు నకలు తీయడం. "టక్" అనే మాట కనిపించిన చోట ముందుగా అనుమానించవలసింది డిస్క్‌నే, ఎందుకంటే లోపలి హెడ్డు దారి తప్పి మళ్లీ మళ్లీ మొదటి స్థానానికి తిరిగి వస్తున్నప్పుడు అటువంటి చప్పుడే వస్తుంది, ఆ దశలో డిస్క్‌ను పరీక్షల పేరుతో ఎంత నడిపితే అంత నష్టం. పదకొండేళ్ల పాఠాలు, సుమారు 1.4 టెరాబైట్లు, బయటి డిస్క్‌లోకి చేరడానికి మూడున్నర గంటలు పట్టింది. ఆ తరువాతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి డిస్క్ తన గురించి తాను రాసుకున్న లెక్కలు చూశాను. చెడిపోయి పక్కకు మార్చిన సెక్టార్లు, అంటే సమాచారం రాసుకునే చిన్న గళ్లు, సున్నా, మార్చడానికి ఎదురుచూస్తున్న సెక్టార్లు సున్నా. ఆ రాత్రి నిద్ర పట్టింది.

మంగళవారం, తెల్లవారుజాము

కొలతలన్నీ నాలుగున్నర, ఐదు గంటల మధ్య పెట్టుకున్నాను. అప్పటికి స్టేషన్ వైపు నుంచి రైలు కూతలు వచ్చినా, వీధిలో ఆటోలు ఇంకా మొదలు కావు. పరికరాలు తక్కువే. గాంధీ రోడ్డులో ఒక బట్టల అంగడి వాళ్లు తాను చుట్టే అట్ట గొట్టం ఒకటి ఇచ్చారు. దాని ఒక కొసను చెవికి ఆనించి, రెండో కొసను ఒక్కో భాగం దగ్గరికి తీసుకుపోతే, గది నిండా పరుచుకున్నట్టు అనిపించే శబ్దం ఎక్కడ పుడుతున్నదో జానెడు తేడాతో తెలుస్తుంది. ఫోనులో ఫైఫాక్స్ అనే యాప్ వేసుకున్నాను. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం తయారు చేసిన ఈ ఉచిత యాప్ శబ్దంలో ఏ ఏ పౌనఃపున్యాలు ఉన్నాయో గీసి చూపిస్తుంది. ఫోను చూపే డెసిబెల్ అంకెను నేను నమ్మలేదు. అయితే ఫోనును ప్రతిసారీ అక్క కూర్చునే పీట మీద, ఒకే చోట, ఒకే దిక్కుగా పెట్టినప్పుడు నిన్నటికీ నేటికీ ఉన్న తేడాను నమ్మవచ్చు.

ఫ్యాన్‌ను వేలితోనో స్క్రూడ్రైవర్‌తోనో ఆపి చూసే అలవాటు చాలామందికి ఉంది. నేను ఆ దారి పట్టలేదు. యంత్రాన్ని ఆపి, ఒక్క ఫ్యాన్ ప్లగ్గును మదర్‌బోర్డు నుంచి తీసి, మళ్లీ నడిపి వినడం ఆలస్యమైన పద్ధతే అయినా, అందులో రెక్క విరగడం ఉండదు, వచ్చిన జవాబులో సందేహం ఉండదు. ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్‌ను మాత్రం ఎప్పుడూ తీయలేదు. ఎస్‌ఎంపీఎస్ మూత జోలికి అసలు పోలేదు. ప్లగ్గు పీకిన తరువాత కూడా దాని లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టుల దాకా విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. చప్పుడు వెతకడానికి వెళ్లి ప్రాణం మీదకు తెచ్చుకోవలసిన పని లేదు.

గురువారం: ఊగే హోరు

అన్నింటికంటే ఎక్కువ రోజులు తీసుకున్నది ఇదే, నేను ఎక్కువ నేర్చుకున్నదీ దీని దగ్గరే. సముద్రం ఒడ్డున దూరంగా నిలబడితే వినిపించే హోరులాగా ఈ శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఏదో బేరింగ్ వదులై, ఫ్యాన్ వేగం నిలకడగా లేక ఇలా ఊగుతున్నదని నేను అనుకున్నాను. తెర మీద చూస్తే ఫ్యాన్ల వేగాలు స్థిరంగానే ఉన్నాయి. ముందున్న రెండింటిలో కింది ఫ్యాన్ నిమిషానికి 1300 చుట్లు, పైది 1308.

అక్క వచ్చి కళ్లు మూసుకుని అర నిమిషం విన్నది. "ఇది ఒక్క శబ్దం కాదురా, రెండున్నాయి. దగ్గర దగ్గరగా ఉన్నాయి గానీ కలవలేదు. తంబురాలో రెండు తంతులు శ్రుతి కలవకపోతే ఇట్లానే ఊగుతుంది," అన్నది. ఆ మాట వినగానే నేను కాగితం తీసుకున్నాను. ఆ ఫ్యాన్లకు తొమ్మిదేసి రెక్కలు ఉన్నాయి. నిమిషానికి 1300 చుట్లు తిరిగే ఫ్యాన్‌లో సెకనుకు 195 సార్లు ఒక రెక్క ఫ్యాన్ చట్రంలోని ఒక కమ్మీ ముందు నుంచి దాటుతుంది, 1308 చుట్ల ఫ్యాన్‌లో 196.2 సార్లు. రెండింటి తేడా 1.2. అంటే ఆ హోరు సెకనుకు 1.2 సార్లు, పది సెకన్లకు 12 సార్లు ఉబ్బి తగ్గాలి. అక్క తొడ మీద వేలితో తట్టుతూ లెక్కపెట్టింది, నేను గడియారం చూశాను. పది సెకన్లకు సరిగ్గా 12 వచ్చాయి.

ఫోనులోని యాప్ ఆ రెండింటినీ ఒకే శిఖరంగా చూపించింది. సెకనుకు ఒకటి రెండు కంపనాల తేడాను విడదీయాలంటే దాదాపు ఒక సెకను నిడివి గల శబ్దాన్ని ఒక్కసారిగా లెక్కకట్టాలి, నేను పెట్టుకున్న అమరికలో అది అంతకంటే తక్కువ నిడివినే తీసుకుంటున్నది. తంతులు శ్రుతి చేసే చెవి ఆ పనిని సాధన వల్ల చేస్తుంది. ఇంకొక సంగతి కూడా అక్కే పట్టుకున్నది: ఆమె పాడేది ఐదో శ్రుతిలో, ఆ షడ్జమం 196 హెర్ట్జ్, అంటే సెకనుకు 196 కంపనాలు. పై ఫ్యాన్ ఆమె ఆధార షడ్జమం మీదే మోగుతున్నది, కింది ఫ్యాన్ దానికి రవ్వంత కిందగా మోగుతున్నది. పాడేటప్పుడు మనసు నిలవడం లేదని ఆమె నెల రోజులుగా ఎందుకు చెబుతున్నదో అప్పటికి గాని నాకు తెలియలేదు.

ఇందులో చెడిపోయిన భాగం ఏదీ లేదు. ఒకే రకం ఫ్యాన్లు రెండింటికి ఒకే ఆజ్ఞ ఇచ్చినా, వాటి మోటార్లలోని చిన్న తేడాల వల్ల వేగాలు కొద్దిగా ఎడమవుతాయి. కొత్త ఫ్యాన్లు కొన్నా ఇదే జరుగుతుంది. చేయవలసింది వాటి వేగాలను బాగా దూరం చేయడం. బయాస్‌లోకి, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే అమరికల పేజీలోకి వెళ్లి కింది ఫ్యాన్‌ను 900కి, పైదాన్ని 790కి దించాను. 1300 నుంచి 900కి దించితే ఫ్యాన్ లాగే గాలి సుమారు 31 శాతం తగ్గుతుంది, శబ్దం మాత్రం లెక్క ప్రకారం 8 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. గాలి తగ్గినంత మాత్రానికి ఇంత నిశ్శబ్దం రావడం ఫ్యాన్ల విషయంలో దొరికే గొప్ప వెసులుబాటు. అరగంట పాటు వీడియో ఎక్కించి చూస్తే ప్రాసెసర్ వేడి నాలుగు డిగ్రీలు మాత్రమే పెరిగింది.

శుక్రవారం

పని అయిపోయిందనుకున్నాను. తెల్లవారి వింటే ఊగడం మళ్లీ ఉన్నది. ఈసారి శబ్దం చిన్నది, స్థాయి కింద. ముందు ఫ్యాన్లు రెండింటి తేడా ఇప్పుడు సెకనుకు 16 కంపనాలకు పైనే, అది ఇలా నెమ్మదిగా ఊగదు. ఒక్కో ప్లగ్గు తీస్తూ పోయాను. పై ఫ్యాన్ తీస్తే ఊగడం ఆగింది. పై ఫ్యాన్ పెట్టి కింది ఫ్యాన్ తీస్తే ఆగలేదు. పై ఫ్యాన్‌కు జత ఇంకెవరో ఉన్నారు. అట్ట గొట్టం హార్డ్ డిస్క్ పెట్టిన అర దగ్గర ఆగింది.

లెక్క ఇక్కడ కూడా అదే. డిస్క్ నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. పై ఫ్యాన్ 790 చుట్లు, తొమ్మిది రెక్కలతో 118.5. తేడా ఒకటిన్నర. వారం నుంచి డిస్క్ తన 120 హెర్ట్జ్ ధ్వనిని రేకు క్యాబినెట్ గుండా బల్లకు ఇస్తూనే ఉన్నది, పెద్ద హోరు కింద అది వినబడలేదు. నేను ఫ్యాన్‌ను తీసుకువెళ్లి దాని పక్కనే కూర్చోబెట్టాను. ఫ్యాన్‌ను 700కి దించితే దాని ధ్వని 105కు చేరి డిస్క్‌కు దూరమయింది. తరువాత డిస్క్‌ను అర నుంచి విప్పి, స్క్రూలకూ రేకుకూ మధ్య రబ్బరు వాషర్లు వేసి, స్క్రూలను మరీ బిగించకుండా పెట్టాను. క్యాబినెట్ కాళ్ల కింద పాత రబ్బరు చాపను నాలుగు ముక్కలుగా కోసి పరిచాను. బల్ల మీద అరచెయ్యి పెడితే ఇంతకు ముందు తెలిసే అదురు ఇప్పుడు తెలియడం లేదు.

రెండో ఆదివారం: మధ్యాహ్నపు టక్

అక్క పట్టికలో దీని పక్కన ఉన్న వేళలన్నీ ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్యవే. అప్పుడొక టక్, వెంటనే సన్నగా తిరిగే చప్పుడు, కొంతసేపటికి నిశ్శబ్దం, రెండు మూడు నిమిషాలకు మళ్లీ టక్. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే ఫ్యాన్‌కు ఏదైనా తీగ తగిలితే సెకనుకు పదహారు దెబ్బలైనా పడాలి, అది టక్కులా వినిపించదు, బరబరమంటుంది. కాబట్టి తిరుగుతున్న ఫ్యాన్ ఏదీ దీనికి కారణం కాదు. డిస్క్ అయితే దానికి వేళాపాళా ఉండదు, రాత్రి కూడా రావాలి. రాత్రంతా ఫోనుతో రికార్డు చేసి చూశాను, ఒక్క టక్ కూడా లేదు.

మధ్యాహ్నానికీ రాత్రికీ ఈ గదిలో మారేది ఎండ ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో కొండల మీది రాయి కాగి, ఆ సెగ సాయంత్రం దాకా ఊరి మీదకు దిగుతూనే ఉంటుంది. గదిలోని థర్మామీటరు 37 డిగ్రీలు చూపిస్తున్నది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో అన్ని భాగాల వేడినీ రెండు సెకన్లకొకసారి రాసిపెట్టమని చెప్పి, నేను పక్కన కూర్చుని టక్ వచ్చినప్పుడల్లా వేళ రాసుకున్నాను. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టగానే సంగతి తెలిసింది. పని లేని సమయంలో చప్పుడు చేయకుండా ఉండేందుకు మా గ్రాఫిక్స్ కార్డు తన ఫ్యాన్లను పూర్తిగా ఆపివేస్తుంది, 50 డిగ్రీలు దాటినప్పుడు మళ్లీ తిప్పుతుంది. ఊరికే ఉన్నప్పుడు ఆ కార్డు గది కంటే సుమారు 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. మార్గశిరంలో గది 22 డిగ్రీలైతే కార్డు 37 దగ్గర ఉంటుంది, ఫ్యాన్ల అవసరమే రాదు. ఈ మధ్యాహ్నాలలో గదే 37, కార్డు 52. ఫ్యాన్లు మొదలై దాన్ని 45కు దించుతాయి, ఆగుతాయి, అది మళ్లీ పైకి పోతుంది. కదలకుండా ఉన్న మోటారుకు ఒక్కసారిగా అందే ఆ మొదటి తోపే టక్.

ఫ్యాన్లు పూర్తిగా ఆగే ఏర్పాటును తీసివేసి, కనీసం 30 శాతం వేగంతో ఎప్పుడూ తిరిగేలా అమర్చాను. ఫ్యాన్ ఆగి ఉండడమే నిశ్శబ్దమని నేను ఇంతకాలం అనుకున్నాను. రికార్డు చేసేవారికి మాత్రం ఆగి ఆగి వచ్చే చప్పుడు కంటే, పీట దాకా చేరని సన్నని ఏకధార గాలి ఎంతో మేలు. దాన్ని తరువాత సాఫ్ట్‌వేర్‌తో తొలగించడం కూడా సులభం, ఎందుకంటే అది మారదు. ఆ మధ్యాహ్నం గది 38 డిగ్రీలు ఉన్నా కార్డు 46 దాటలేదు, టక్ రాలేదు.

బుధవారం: పొద్దుటి గరగర

ఇది తేలికగా దొరికింది. యంత్రాన్ని పొద్దున మొదటిసారి నడిపినప్పుడు వెనక ఫ్యాన్ రెండు మూడు నిమిషాలు గరగరలాడి, వేడెక్కాక సర్దుకుంటున్నది. క్యాబినెట్‌ను జాగ్రత్తగా పక్కకు పడుకోబెట్టగానే గరగర స్వరం మారింది. ఇరుసు వాలు మారినప్పుడు చప్పుడు మారితే తప్పు బేరింగ్‌దే. అది చవక రకం స్లీవ్ బేరింగ్, లోపలి నూనె ఎండిపోయింది. మధ్యనున్న స్టిక్కరు లేపి, రబ్బరు బిరడా తీసి, రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేశాను. కొన్ని రోజులు చప్పుడు లేదు, ఆ తరువాత తిరిగి వచ్చింది. ఇరుసు చుట్టూ అరిగిపోయిన లోహాన్ని నూనె తిరిగి తేలేదు. చెన్నైలో పని ఉండి వెళ్లిన చిన్నాన్న కొడుకు రిచీ స్ట్రీట్‌లో ఫ్లూయిడ్ బేరింగ్ ఉన్న ఫ్యాన్ ఒకటి కొని, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి వస్తూ తెచ్చి ఇచ్చాడు. దాన్ని బిగించే ముందు లోపలి దుమ్మంతా బ్లోయరుతో ఊదాను. ఊదేటప్పుడు ప్రతి ఫ్యాన్‌నూ వేలితో కదలకుండా పట్టుకున్నాను. ఆ గాలికి ఫ్యాన్ తన హద్దు దాటిన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది, మోటారే జనరేటరులా పనిచేసి మదర్‌బోర్డులోకి విద్యుత్తు పంపే ప్రమాదమూ ఉంది.

సన్నని ఈల గురించి ఎక్కువ రాయవలసింది లేదు. మేనల్లుడు ఆట తెరిచి, మెనూ దగ్గర వదిలి భోజనానికి వెళ్లినప్పుడే అది వస్తున్నది. బొమ్మ కదలని ఆ తెర దగ్గర కార్డు సెకనుకు వందల ఫ్రేములు, అంటే వందల బొమ్మలు, గీస్తూ ఉంటుంది, అంత వేగంగా మారే కరెంటు వల్ల దాని మీది తీగచుట్టలు కంపించి ఈలలా వినిపిస్తాయి. ఫ్రేములను 60కి పరిమితం చేయగానే ఈల పోయింది. ఇది చెడిపోవడం కాదు, కార్డు మార్చనవసరం లేదు.

మూడో శనివారం: కరెంటు పోయినప్పటి గుర్రు

ఈ చప్పుడును పరీక్షించడానికి కరెంటు పోవాలి. సాయంత్రం గాలివానకు పోయింది. ఇన్వర్టర్ మీదకు మారగానే ఎస్‌ఎంపీఎస్ నుంచి గుర్రుమనే శబ్దం మొదలైంది. గొట్టం పెట్టి వినబోయేసరికి, అదే స్వరంలో పైనున్న సీలింగ్ ఫ్యాన్ కూడా గుర్రుమంటున్నదని గమనించాను. రెండు వేర్వేరు యంత్రాలు ఒకే వేళ ఒకే విధంగా మూలుగుతుంటే, తప్పు వాటికి అందుతున్నదానిలో ఉంటుంది. మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "స్వామీ, ఇది పాతకాలం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. లైట్లకైతే పర్వాలేదు గానీ కంప్యూటర్ దీని మీద పెట్టబాకండి," అన్నాడు. వీధి లైను నుంచి వచ్చే కరెంటు 50 హెర్ట్జ్ వద్ద నున్నగా ఎక్కి దిగే అల. ఈ ఇన్వర్టర్ ఇచ్చేది మెట్లలాగా నిటారుగా లేచి పడేది, అందులో 50తో పాటు 150, 250, 350 హెర్ట్జ్ వంటి బేసి గుణిజాలు కలిసి ఉంటాయి. ఆధునిక ఎస్‌ఎంపీఎస్ లోపలి సర్క్యూటు నున్నని అలను ఆశించి తయారైనది. ఆ మెట్ల మీద అది అవస్థపడుతుంది. బ్యాటరీ బాగానే ఉన్నందున దాన్ని ఉంచుకుని, ఇన్వర్టర్ ఒక్కదాన్ని సైన్ వేవ్ రకానికి మార్చాము. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి చూపించినప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోనూ సీలింగ్ ఫ్యాన్‌లోనూ మార్పు ఏమీ వినిపించలేదు.

మూడో ఆదివారం, తెల్లవారుజాము

పాత చోటే, పీట మీదే ఫోను పెట్టి కొలిచాను. మొదటి రోజు 195 హెర్ట్జ్ దగ్గర నిలబడిన శిఖరం లేదు. 105, 120, 135 దగ్గర చిన్న మొనలు ఉన్నాయి, యంత్రాన్ని ఆపితే పోతున్నాయి కాబట్టి అవి దానివే. అక్క తంబురా పెట్టె ఆన్ చేసి, భూపాళంలో ఒక అన్నమయ్య కీర్తన పల్లవి రికార్డు చేసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండుసార్లు విని, "నా శ్రుతిలో ఇంకెవరూ లేరు," అన్నది. రెండోసారి వింటూ, చరణం దగ్గర చాలా కింద స్థాయిలో ఏదో ఉన్నదని కూడా చెప్పింది. అది ఎస్‌ఎంపీఎస్ ఫ్యానై ఉండవచ్చు. దాన్ని విప్పలేను, దాని వేగం తెర మీద కనిపించదు, గది వేడిని బట్టే అది మారుతుంది. కార్తీకంలో గది చల్లబడ్డాక ఇదే పీట మీద, ఇదే వేళకు మళ్లీ కొలుస్తాను.

కింది ఫ్యాన్ 900, పై ఫ్యాన్ 700, గ్రాఫిక్స్ ఫ్యాన్లు కనీసం 30 శాతం, ఫ్రేములు 60 అని ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, క్యాబినెట్ పక్క ప్లేటు లోపలి వైపు అంటించాను. పై ఫ్యాన్‌ను 780, 820 మధ్య ఎప్పుడూ పెట్టకూడదని కింద ఎర్ర సిరాతో రాశాను.